గింజంత గరుకు

రొట్టెలకు వెన్న పూసే బ్రష్షు గురించి ఆ ఉదయం నాకూ మా ఆయన రుఫోకీ తగువైంది. మెత్తటి కుచ్చున్న చిన్న బ్రష్షు అది. పొయ్యికి కుడివైపు మేకుకు తగిలించి ఉంటుంది. ఆ రోజు మేకు ఖాళీగా ఉంది. వెతగ్గా వెతగ్గా వెనక షెడ్డులో, కిరసనాయిలు డబ్బాలో తలకిందులుగా కనిపించింది.

కడిగితే పోతుంది కదా అన్నాడు రుఫో. నీ చొక్కాల్లోంచి ఆ వాసన ఎన్నేళ్లు కడిగితే పోయిందో చెప్పు అన్నాను. షెడ్డులో బ్రష్షులు మూడున్నాయి, మూడూ చీపురుపుల్లల్లా గట్టిపడ్డాయంటే ఆ తప్పు బ్రష్షులది కాదన్నాను. మా అమ్మాయి జోవెల్ నవ్వాపుకోలేక కప్పులో ముఖం దాచుకుంది.

"గరిటెకో మేకు, బ్రష్షుకో మేకు," అన్నాడు రుఫో. "ఫాదర్ గారిని పిలిచి వీటికి బాప్తిస్మం కూడా ఇప్పించు. పేర్లు పెట్టి పిలుచుకోవచ్చు."

"ఇప్పిస్తాను. మొదటిదానికి నీ పేరే. పెట్టినచోట ఒక్కనాడూ ఉండదు."

మా మామగారు సెగుండోని ఇంట్లో అందరం, నాన్న అన్నట్టు, తాయ్ అంటాం. ఆయన చాక్లెట్ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తల ఎత్తకుండానే కొడుకుతో అన్నాడు: "ఇచ్చెయ్యరా. ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నేను తడిమి తీసుకోగలుగుతున్నానంటే ఆ పిల్ల పద్ధతి వల్లే."

తాయ్ రెండు కళ్లలోనూ పొర దిగింది. నలభై ఏళ్లు వెల్డింగు మెరుపు చూసిన కళ్లు. నల్లద్దాల వెనక ఆయనకిప్పుడు ఆ మెరుపొక్కటే సరిగా కనిపిస్తుందని, మిగతాదంతా పాలలోంచి చూసినట్టుంటుందని చెప్పేవాడు.

సముద్రపొడ్డున ఉన్న దానావో ఊరి పైన, మా కొండవాడలో ఇల్లిల్లూ దొంగచాటుగా తుపాకీలో ఒక ముక్క చేస్తుంది. ఒకరు గొట్టం, ఒకరు పిడి. మా ఇంటి పని మ్యాగజైన్లు, అంటే తూటాలు పేర్చి తుపాకీలోకి దూర్చే సన్నటి రేకు గొట్టాలు. ఎక్కువ తూటాలు కావాలన్నవాళ్లకి రెండు మ్యాగజైన్లు కోసి ఒకదాని మీద ఒకటి అతికి పొడుగు చేస్తాం. ఆ రేకు ఎంత పలచనంటే, మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే కన్నం పడిపోతుంది. తాయ్ ఒకచోట చుక్క పెట్టి, మంట తీసి, ఒక మరియమాత జపం చెప్పుకుని, అప్పుడు ఎదురువైపు ఇంకో చుక్క పెడతాడు. జపం పూర్తయ్యేసరికి రేకు చల్లారుతుంది. ఒక అతుకుకి దాదాపు ఒక జపమాల. వాడలో కుర్రవాళ్లు నవ్వేవారు గానీ తాయ్ అతుకులా అతకడం ఎవరికీ చేతకాలేదు.

అతికాక లోపల ఆకురాయితో రుద్ది నునుపు చేసేది ఆడవాళ్లు. మా వాడలో ఏ ఇంట్లోనైనా అంతే. మా ఇంట్లో మొదట ఆ పని మా అత్తగారిది. ఆవిడ పోయాక నాకొచ్చింది. సెబు పట్నంలో నాలుగేళ్లు ఉపాధ్యాయ విద్య చదివి ఒక్కరోజు కూడా పాఠం చెప్పని నాకు చేతికి దొరికిన పని అది. బాగా చేశాను. చిటికెనవేలి గోరు ఒక్కటి పెంచుకుని, రుద్దిన ప్రతిదాని లోపలా దాన్ని పైనుంచి కిందికి పోనిచ్చేదాన్ని. గోరు ఎక్కడ తట్టుకున్నా మళ్లీ రుద్దేదాన్ని. కిందటేడు తాయ్ కళ్లు మసకబారడం మొదలైనప్పుడు, నేను ఊరికి వెళ్లిన వారంలో ఒక మ్యాగజైన్ సరిగా లేకుండా వెళ్లిపోయింది. తీసుకున్నవాడు తిరిగొచ్చి, డెబ్భై ఏళ్ల మనిషిని వాకిట్లో అందరి ముందూ చెంపమీద కొట్టి, దాన్ని ఆయన కాళ్ల దగ్గర పారేసి వెళ్లాడు. ఆ తర్వాత నా గోరు తగలకుండా మా గుమ్మం ఏదీ దాటలేదు.

అవి వాడపెద్ద ఎన్నికల రోజులు. నా తమ్ముడు నిలో నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా పెద్దగా ఉన్న మనిషి మీద ఎవరూ నిలబడలేదు, వీడు నిలబడ్డాడు. వద్దని మేమందరం చెప్పాం. నిలో భార్య ఆర్సీ ఏడ్చి చెప్పింది. కొండ కింద చేపల రేవుకి వచ్చే ప్రతి పడవ దగ్గరా ఆ పెద్దమనిషి మనుషులు వాటా గుంజుతున్నారని, ఆ మాట పైకి అనేవాడు ఒక్కడైనా ఉండాలని నిలో పట్టు. నామినేషన్ వేసిన మూడోరోజు వాళ్ల గేటుకి మెడ కోసిన పందెంకోడి వేలాడింది. దాన్ని విప్పి ఆర్సీకిచ్చి, మునగాకు వేసి వండమన్నాడట. మా ఇంటికొచ్చి ఆ సంగతి తనే చెప్పి నవ్వాడు.

"మంచి జాతి కోడి నాంగ్," అన్నాడు నాతో. మావాళ్లు అక్కని నాంగ్ అంటారు. "వాళ్లు రోజూ బెదిరిస్తే బాగుణ్ణు. కూరకి వెతుక్కోనక్కర్లేదు."

నవ్వలేదని నన్నే వెక్కిరించాడు. నాకు నవ్వెలా వస్తుంది? వాడికి ఆరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. వాణ్ణి బడికి తయారుచేసిందీ, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నదీ నేనే. ఓట్ల రోజు దాటే దాకా వాడు బతికుంటే చాలు, ఓడిపోయినా ఫర్వాలేదని రోజూ మొక్కుకున్నాను.

బ్రష్షు తగువైన రోజునే బాల్దో వచ్చాడు. పందెంకోళ్లకి మేత అమ్మే మనిషి, ఎవరికేం కావాలన్నా మధ్యలో ఉండి చేయించి పట్టుకెళ్లేవాడు. పొడుగు మ్యాగజైన్లు నాలుగు కావాలన్నాడు, మూడు రోజుల్లో. పక్కఊరి కోడిపందాల బరి దగ్గర కావలివాళ్లకట.

"బరి కావలివాడికి అన్ని తూటాలెందుకురా?" అని అడిగాడు తాయ్.

"కోళ్లు తిరగబడతాయేమోనని," అని నవ్వాడు బాల్దో. "తాయ్, మీరు అతకండి, నేను మోస్తాను. అడిగే పని మనిద్దరిదీ కాదు."

బాల్దో లాంటివాడికి మా వాడలో కాదని చెప్పినవాళ్లు లేరు. చెప్తే ఏమవుతుందో చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అతను వెళ్లాక, బట్టలు ఆరేస్తూ రుఫోని అడిగాను, ఇవి నిజంగా బరికేనా అని. బరికే అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా తీగమీద తడిచొక్కా సర్దుతూ. నేనూ మళ్లీ అడగలేదు. బరికే అనుకుంటే వంట చేసుకోవచ్చు, ఇల్లు తుడుచుకోవచ్చు. కాదనుకుంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

తాయ్ మూడు రోజులూ షెడ్డులోంచి కదల్లేదు. ఎప్పటికంటే నెమ్మదిగా చేశాడు. చుక్కకీ చుక్కకీ మధ్య జపం గొణుగుడు వంటగదిలోకి వినిపించేది. మూడోరోజు మధ్యాహ్నం నాలుగింటినీ గుడ్డలో పెట్టి తనే తెచ్చి నా చేతికిచ్చాడు. మామూలుగా బల్లమీద వదిలేస్తాడు, నేను వెళ్లి తెచ్చుకుంటాను. ఆ రోజు తెచ్చిచ్చాడు.

"అలాగే చుట్టెయ్యి దాయ్," అన్నాడు. ఆడపిల్లని పిలిచినట్టు నన్నెప్పుడూ దాయ్ అనే పిలిచేవాడు. "లోపల నేనే చూసుకున్నాను."

కళ్లు కనబడని మనిషి లోపల చూసుకున్నానంటే నాకు జాలేసింది. ఆయన వెళ్లి పడుకున్నాక మొదటిదాంట్లో గోరు పోనిచ్చాను. మూడు వంతులు దిగాక తట్టింది. బియ్యపుగింజంత లోహపు బొట్టు. రెండోదాంట్లోనూ ఉంది. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో కూడా. నాలుగింటిలోనూ సరిగ్గా ఒకే చోట. చెయ్యి వణికో, కన్ను కానకో జరిగే తప్పు నాలుగుసార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట జరగదు. ఆ మాట నాకప్పుడు తట్టలేదు. తట్టిందల్లా వాకిట్లో ఆయన చెంపమీద పడ్డ దెబ్బ.

సన్న ఆకురాయి తీసుకుని కూర్చున్నాను. నాలుగింటినీ రుద్దాను. కిరసనాయిల్లో కడిగి, తుడిచి, ఒక్కోదాంట్లో మళ్లీ గోరు పోనిచ్చాను. గాజులోపల పోయినట్టు పోయింది. అంత నునుపుగా నేనెప్పుడూ చెయ్యలేదు. కాస్త సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని నేను దాచను. సాయంత్రం బాల్దో వచ్చి పట్టుకెళ్లాడు.

ఆదివారం పొద్దున పూజ అయ్యాక నిలో, ఆర్సీ రేవుకి వెళ్లారు. ఆర్సీ చేపలు దింపించుకుంటోంది. నిలో మంచుగడ్డల పెట్టె ఎత్తుతున్నాడు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. వెనకవాడు బండి దిగకుండానే కాల్చాడట. ఆర్సీ తర్వాత అందరికీ ఒకటే చెప్పేది, పరిగెత్తుకెళ్దామని లేచాను, ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాను, ఆగలేదు అని. ఒక మ్యాగజైన్ ఖాళీ అయ్యాక దాన్ని అక్కడే జారవిడిచి ఇంకోటి దూర్చుకున్నాడట. నిలో ఆ మంచుగడ్డల మీదే పడిపోయాడు.

నేను రేవు చేరేసరికి గుడ్డ కప్పేశారు. పాదాలు మాత్రం బయటికున్నాయి. ఒక చెప్పు లేదు. పోలీసు ఒకడు జారవిడిచిన మ్యాగజైన్‌ని రుమాలు మీద పెట్టి ఫోటో తీస్తున్నాడు. నా పక్కన నిలబడ్డ రుఫో దాన్ని చూశాడు. నేనూ చూశాను. చేతిరాతని గుర్తుపట్టడానికి సంతకం చూడాలా? చుక్కకీ చుక్కకీ మధ్య ఒక జపమంత ఎడంతో, గొలుసులా వరసగా నడిచే ఆ అతుకు ఎక్కడున్నా మాది.

ఇంటికొచ్చాక రుఫో వాకిట్లోనే చతికిలబడ్డాడు. తాయ్ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రేవు వార్త ఆయనకి అప్పటికే చేరింది.

"మనదేనా?" అని అడిగాడు.

రుఫో తల ఊపాడు. తండ్రికి కనబడదని గుర్తొచ్చి, "మనదే తాయ్," అన్నాడు.

"ఎన్ని పేలాయి?"

"అన్నీ. ఖాళీ చేసి ఇంకోటి మార్చాడు."

తాయ్, ఎవరితోనూ కాదన్నట్టు, "నాలుగో తూటా దగ్గర ఆగిపోవాలే," అన్నాడు.

రుఫోకి అర్థం కాలేదు. రేవులో తడిసిన బట్టలు మార్చుకుంటానని లోపలికి వెళ్లాడు. నా చిటికెనవేలు దానంతటదే అరచేతిలోకి ముడుచుకుంది.

"రుద్దావా దాయ్?" అన్నాడు తాయ్.

రుద్దానన్నాను. అదొక్క మాటే అన్నాను. ఆయన అరవలేదు. తడుముకుంటూ వచ్చి బల్లమీద కూర్చుని, నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాడు. కాదనడానికి వీల్లేని మనుషులు వచ్చినప్పుడు, చేయించుకునేది మనిషిని చంపడానికేనని తనకి అనిపించినప్పుడు, లోపల ఒక బొట్టు వదిలేసేవాడు. మూడు తూటాలు పోతాయి, నాలుగోది దానికి తట్టుకుని ఇరుక్కుంటుంది. ఆ లోపల పరిగెత్తేవాడు పరిగెత్తుతాడు. బతకొచ్చు, బతకకపోవచ్చు. తన చేతిలో ఉన్నది అంతవరకే. అలా నాలుగుసార్లు చేశాడట. ఇది అయిదోది.

"మీ అత్తకి నేనెప్పుడూ చెప్పలేదు," అన్నాడు. "నేనే తెచ్చి చేతికిచ్చి, అలాగే చుట్టెయ్యి అంటే ఆవిడ ఆకురాయి ముట్టుకునేది కాదు. నీకూ అలాగే తెలుస్తుందనుకున్నాను. అది నా బుద్ధితక్కువ."

ఆయన నన్ను ఒక్క మాట అన్నా నేను బతికిపోయేదాన్ని.

శవజాగరణ తొమ్మిది రోజులూ ఆర్సీ వాకిట్లో జరిగింది. తెల్లారగానే వెళ్లి గిన్నెలు తోమేదాన్ని, వచ్చినవాళ్లకి బిస్కెట్లు, కాఫీ ఇచ్చేదాన్ని. గిన్నెలు ఎంత తోమినా ఇంకా జిడ్డుందనిపించేది. ఆర్సీ నా వెనకే తిరుగుతూ, నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని నాంగ్ అనేది. ఆ మాట ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టుకోలేదు, లెక్కపెడితే నిలబడలేనని. నాలుగో రోజున బాల్దో వచ్చాడు. శవపేటిక ముందు సిలువ గుర్తు వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని పేకాడాడు. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి, దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకుంటాడు నాంగ్ అన్నాడు. అతని చేతికి కాఫీ కప్పు ఇచ్చింది నేనే. దాని గురించి నాకిప్పటికీ అసహ్యం.

ఆ మధ్యలో ఓట్లు పడ్డాయి. పాతపెద్దే గెలిచాడు. పోటీ లేదు కాబట్టి గెలిచాడనడం కూడా పెద్దమాట. పోలీసులు ఆ మ్యాగజైన్ ఏ ఇంట్లోదో కనుక్కుంటామన్నారు. కనుక్కోవడానికి మా వాడలో ఏ గుమ్మంలో అడిగినా సరిపోయేది. ఎవరినీ అడగలేదు.

నిలోని పాతిపెట్టిన మర్నాడు, మధ్యాహ్నం భోజనానికి ఆర్సీని మా ఇంటికి పిలుచుకొచ్చాం. తాయ్, రుఫో, జోవెల్, ఆర్సీ, నేను. మునగాకు వేసిన చేపల పులుసు, మొక్కజొన్న అన్నం, వేయించిన ఎండుచేపలు. తొమ్మిది రోజుల తర్వాత ఆర్సీ ఆకలిగా తినడం అప్పుడే చూశాను.

ఆర్సీకి ఆ రోజు చెప్పెయ్యాలని అనుకున్నాను. పొద్దుటి నుంచీ కూరలు తరుగుతూ వాక్యం కట్టుకున్నాను. "ఆర్సీ, తాయ్ వాణ్ణి కాపాడాలని చూశాడు, నేను పాడుచేశాను." ఎన్నిసార్లు మార్చినా అంతకంటే మెత్తగా రాలేదు. మెత్తగా చెప్పాలనుకోవడమే తప్పనిపించింది. ఆ తర్వాత ఆర్సీ నన్ను కొట్టినా, ఈ గుమ్మం తొక్కకపోయినా సరే. ఆమె నన్ను ప్రేమగా నాంగ్ అనకుండా ఉంటే చాలు. పులుసు అందరికీ పోసి కూర్చున్నాను.

"ఆర్సీ," అన్నాను.

"ఆగు దాయ్," అన్నాడు తాయ్.

ఆయన చెంచా పళ్లెం పక్కన పెట్టాడు. తినేటప్పుడు మాట్లాడే మనిషి కాదు. జోవెల్ కూడా నమలడం ఆపింది.

"సోమవారం మొదటి బస్సుకి నేను సెబు వెళ్తున్నాను. ప్రాసిక్యూటర్ దగ్గరికి. నిలోని కాల్చిన తుపాకీలో మ్యాగజైన్ నేను చేసింది. అతికిందీ నేనే, రుద్దిందీ నేనే. ఎవరొచ్చి తీసుకెళ్లారో పేరు పెట్టి చెప్తాను. ఆర్సీ, ఈ మాట నువ్వు బయటివాళ్ల నోట వినకూడదని నిన్ను కూర్చోబెట్టి చెప్తున్నాను."

రుఫో ముఖం తెల్లబోయింది. "తాయ్, బాల్దో పేరు చెప్తే మిమ్మల్ని ప్రాణాలతో తిరిగి రానివ్వరు. జైల్లో ఉన్నా సరే, అక్కడైనా చంపుతారు."

"తెలుసు. డెబ్భై ఒకటి నాకు. కళ్లు పోయాయి. ఇక నేను పనికొచ్చేది ఇదొక్కదానికే."

"తాయ్, రుద్దింది..." అని నేను మొదలుపెట్టాను.

"నీకేం తెలుసు?" అన్నాడు. నేను ఈ ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్లలో నాతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. "వంటింట్లో గిన్నెలు కడుక్కునే దానివి, షెడ్డు సంగతి నీకెందుకు? పిల్ల చదువు చూసుకో."

ఆర్సీ లేవలేదు, తిట్టలేదు. పళ్లెం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె పుట్టిపెరిగింది మా వాడలోనే. ఏ ఇంట్లో ఎవరు అతుకుతారో, ఎవరు రుద్దుతారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"రుద్దింది కూడా మీరేనా తాయ్?" అని అడిగింది. అడిగింది ఆయన్ని. చూసింది నన్ను.

"నేనే," అన్నాడు తాయ్.

ఆర్సీ ఇంకా నన్నే చూస్తోంది. రుఫో చూస్తున్నాడు. జోవెల్ చూస్తోంది. నా నోట్లో అన్నం ముద్ద ఉంది. దాన్ని మింగి, తాయ్ పళ్లెంలో పులుసు తక్కువైందని ఇంకో గరిటె పోశాను.